రంగూన్ వెళ్లిన ముత్తాత కాటన్ దొర దగ్గర పనిచేశారా?

ప్రశ్న: మాది కోనసీమ, అమలాపురం దగ్గర పల్లె. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం. మా నాన్నగారి తాతగారి గురించి చిన్నప్పటి నుంచి ఒకటే కథ వింటున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట కట్టేటప్పుడు ఆయన కాటన్ దొర దగ్గర మేస్త్రీగా చేశారట. తర్వాత రంగూన్ వెళ్లి బాగా సంపాదించారట. అక్కడే పోయారట. ఎప్పుడు, ఎలా అన్నది ఎవరికీ తెలియదు. పోయినేడు నాన్నగారు కాలం చేశాక పాత ట్రంకు పెట్టె తెరిస్తే ఒక జాతకం, మూడు దస్తావేజులు, రంగూన్ నుంచి వచ్చిన నాలుగు కార్డులు కనిపించాయి. జాతకంలో యువ నామ సంవత్సరం అని ఉంది. ఒక దస్తావేజు మీద తనఖా అన్న మాట మాత్రం చదవగలిగాను. కార్డుల మీద గడ్డం ఉన్న రాజు బొమ్మ, పావణా విలువ ఉన్నాయి గానీ తేదీలు చెరిగిపోయాయి. ముత్తాతగారి పేరు పొడిపించిన ఇత్తడి బిందె కూడా ఉంది. మా మేనత్తగారికి ఎనభై దాటాయి, ఆవిడకి కొంత గుర్తుంది. ఒక వెబ్‌సైట్ వాళ్లు డబ్బు కడితే ఏడు తరాల వంశవృక్షం తీసిస్తామంటున్నారు. కట్టమంటారా? ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, డబ్బు కట్టకండి. మీ ట్రంకు పెట్టెలో ఉన్నది ఏ వెబ్‌సైట్ దగ్గరా లేదు. వాళ్లు చేసేదల్లా మీరు చెప్పిన పేర్లనే అందమైన చెట్టు బొమ్మలో పెట్టి ఇవ్వడం. డీఎన్ఏ పరీక్ష సంగతి మీరు అడగలేదు, రేపు ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి ఇప్పుడే అంటున్నాను: అది మీ ముత్తాతగారి ఊరూ చెప్పదు, పేరూ చెప్పదు. ఫిజీలోనో దక్షిణాఫ్రికాలోనో ఉన్న దూరపు చుట్టాన్ని చూపిస్తే చూపించవచ్చు, అంతే.

వెతికే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఆ రోజుల్లో సర్కారు మామూలు మనిషి పేరు ఊరికే రాసుకోలేదు. శిస్తు వసూలుకో, జీతం ఇవ్వడానికో, భూమి చేతులు మారినప్పుడో, కోర్టుకెక్కినప్పుడో రాసింది. కాబట్టి మా ముత్తాత ఎవరు అని అడిగితే ఏ ఆఫీసూ జవాబు చెప్పదు. ఆయనతో ఎవరికి డబ్బు పని పడింది అని అడగండి, దారి దొరుకుతుంది. మీ పెట్టెలో జాతకం తప్ప మిగతా కాగితాలన్నీ డబ్బు చుట్టూ తిరిగేవే, గమనించారా? కార్డుల్లో కూడా మనియార్డరు ఊసు ఉండే ఉంటుంది.

ఇక కథ దగ్గరికి వద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ 1860లో ఇంగ్లండుకి వెళ్లిపోయారు. మీ జాతకంలోని యువ సంవత్సరం 1875 ఉగాదికి మొదలై 1876 ఉగాదికి ముగిసింది. అంటే ఈ జాతకుడు పుట్టేసరికి ఆనకట్ట పూర్తయి ఇరవై మూడేళ్లు. కాటన్ దొరని ఆయన కళ్లతో చూసి ఉండడానికే వీల్లేదు.

అయితే కథ అబద్ధమా? తొందరపడకండి. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కదా. 1875కి ముందు యువ 1815లో వచ్చింది. 1815లో పుట్టిన మనిషికి ఆనకట్ట మొదలైనప్పుడు ముప్పై రెండేళ్లు, మేస్త్రీ పనికి సరిగ్గా సరిపోయే వయసు. కానీ ఆ మనిషి రంగూన్ నుంచి మీ కార్డులు రాసి ఉండలేడు. మన దేశంలో పోస్టుకార్డు వచ్చిందే 1879 జూలైలో. పైగా మీ కార్డుల మీద ఉన్నది రాణి కాదు, రాజు. విక్టోరియా 1901లో పోయాక, ఎడ్వర్డ్ బొమ్మతో స్టాంపులు 1902 నుంచి వచ్చాయి. అప్పటికి 1815 మనిషికి ఎనభై ఆరేళ్లు దాటి ఉంటాయి. ఆ వయసులో ఓడ డెక్కు మీద బంగాళాఖాతం దాటి రంగూన్ వెళ్లి మనియార్డర్లు పంపారంటే నేను నమ్మను.

కాబట్టి ఆనకట్టకి సరిపోయే మనిషి రంగూన్‌కి సరిపోడు, రంగూన్‌కి సరిపోయే మనిషి ఆనకట్టకి సరిపోడు. నా అనుమానం మీరు ఊహించే ఉంటారు. మనవడికి తాత పేరు పెట్టడం మన ఇళ్లలో మామూలే. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు మనుషులు, తాతా మనవడూ, మూడు నాలుగు తరాలు దాటేసరికి చెప్పుకునేవాళ్ల నోట ఒక్కడైపోయారు. ఇది అనుమానమే సుమా, తేల్చాల్సింది మీ కాగితాలు. తేలితే మీ ముత్తాతని పోగొట్టుకున్నట్టు కాదు, ఆయన తాతని కూడా సంపాదించుకున్నట్టు. ఆ బిందె మీద పేరు ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు.

జాతకం ఎవరిదో తేల్చడం అంత కష్టం కాదు. అందులో మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం రాసి ఉంటాయి. పాత తేదీలకు పంచాంగం చూపించే సైట్లు ఇప్పుడు ఉచితంగానే ఉన్నాయి. 1815లో ఒకసారి, 1875లో ఒకసారి ఆ తిథి ఏ వారం పడిందో చూడండి. సాధారణంగా ఒక్కటే సరిపోతుంది. రెండూ సరిపోతే చక్రం చూడాలి. అక్కడ ఒక చిక్కు ఉంది: అరవై ఏళ్లకు గురుడూ శనీ దాదాపు పాత చోటికే వచ్చేస్తారు, అందుకే వాళ్లని నమ్ముకుంటే లాభం లేదు. రాహువుని చూడండి. రాహువు చుట్టు సుమారు పద్దెనిమిదిన్నరేళ్లు, అరవై ఏళ్లకు రెండు మూడు రాశులు తేడా పడి తీరుతుంది. మీ ఊళ్లో పంచాంగం చూసే పంతులుగారికి పది నిమిషాల పని. శాలివాహన శకం సంఖ్య కూడా రాసి ఉంటే ఈ శ్రమ కూడా అక్కర్లేదు. దానికి 78 కలపండి. శకం 1797 అంటే 1875 మొదలు, 1737 అంటే 1815 మొదలు. సంఖ్యలు పాత తెలుగు అంకెల్లో ఉండొచ్చు, ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఈలోగా మేనత్తగారి దగ్గర కూర్చోండి. ఈ వారమే కూర్చోండి. కాగితాలు వందేళ్లు ఆగాయి, ఇంకో నెల ఆగుతాయి. ఆవిడని ముత్తాతగారి గురించి చెప్పమని అడిగితే మీరు విన్న కథే మళ్లీ చెబుతారు. చిన్న చిన్నవి అడగండి. ఆయనకి ఆబ్దికం ఏ తిథికి పెట్టేవారు? తిథి తెలిస్తే మాసమూ రోజూ తెలిసినట్టే, సంవత్సరం ఒక్కటే మిగులుతుంది. తిథి లేకుండా అమావాస్యకో మహాలయ పక్షంలోనో పెట్టేవారంటే, పోయిన రోజు ఇంట్లో తెలియలేదన్నమాట. అది కూడా ఒక సమాచారమే. ఆవిడ నాయనమ్మ, అంటే మీ ముత్తాతగారి భార్య, ఎవరి ఇంటి ఆడపడుచు, ఏ ఊరు? పెళ్లికి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద భూమి ఏమైనా ఇచ్చారా? ఆ నాయనమ్మ బొట్టూ గాజులూ తీసినప్పుడు మీ తాతగారికి ఎన్నేళ్లని చెప్పుకునేవారు? రంగూన్ నుంచి వచ్చిన సామాను, కర్ర పెట్టో లక్క పాత్రో, ఎవరింట్లోనైనా ఉందా? ఫోన్‌లో రికార్డు చేయండి, కానీ ముందు ఆవిడతో చెప్పి చేయండి. మధ్యలో సరిదిద్దకండి. ఆనకట్ట లెక్క కుదరదని అక్కడే వాదనకు దిగితే ఆవిడ మాట్లాడడం మానేస్తారు.

కాటన్ దొర ముక్క గురించి ఇంకొక్క మాట. ఆనకట్ట కట్టిన కూలీల పేర్లు, మేస్త్రీల పేర్లు పేరుపేరునా దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. వీణం వీరన్న లాంటి ఒకరిద్దరి పేర్లే జనం నోట నిలిచాయి. పైగా గోదావరి జిల్లాల్లో కాలవ పని ఏదైనా కాటన్ దొర పనే. ఆనకట్ట అయ్యాక కూడా కాలవలు, లాకులు, ఏటిగట్ల పనులు దశాబ్దాల పాటు సాగాయి. కోనసీమకి నీళ్లు తెచ్చిన గన్నవరం అక్విడక్టు కూడా 1850ల నాటిదే. ఆ 1815 తాతగారు ఆనకట్ట దగ్గర కాకుండా మీ ఊరి కాలవ మీద చేసి ఉండొచ్చు. లేదా 1875 మనవడే పెద్దయ్యాక కాలవ మరమ్మతుల్లో చేసి ఉండొచ్చు. నాకు ఈ రెండోది ఎక్కువ నమ్మదగ్గదిగా అనిపిస్తోంది, ఎందుకంటే మట్టిపనీ మేస్త్రీపనీ తెలిసినవాళ్లకి రంగూన్‌లో గిరాకీ ఉండేది.

ఇప్పుడు దస్తావేజులు. మీ పెట్టెలో అసలు బంగారం ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ కాగితం మా ఇంట్లోనే ఎందుకు ఉంది? భూమి అమ్మితే అసలు దస్తావేజు కొన్నవాడి దగ్గరికి పోతుంది, దాంతోపాటు పాత లింకు దస్తావేజులు కూడా పోతాయి. అమ్మినవాడి ఇంట్లో ఏమీ మిగలదు. కాబట్టి మీ ఇంట్లో ఉన్న విక్రయ పత్రాలు మీవాళ్లు కొన్నవే అయి ఉండాలి, అదీ తర్వాత అమ్ముకోని భూమివి. తనఖా పత్రం వేరు. అప్పు ఇచ్చినవాడి దగ్గర ఉండాల్సిన కాగితం మీ పెట్టెలో ఉందంటే అప్పు తీరి తిరిగొచ్చిందన్నమాట, లేదా మీవాళ్లే అప్పిచ్చారన్నమాట. వెనక వైపు తిప్పి చూడండి. మొత్తం ముట్టినట్టు, చెల్లు అయినట్టు రెండు మూడు పంక్తులు, తేదీ, సంతకం ఉండే అవకాశం ఉంది. ఆ తేదీ రంగూన్ కార్డుల కాలంతో కలిసిందా, రంగూన్ డబ్బుతోనే తనఖా విడిపించారని గట్టిగానే అనుకోవచ్చు. బాగా సంపాదించారన్న కథకి అదీ సాక్ష్యం. అలా కాకుండా కార్డుల తర్వాత కాలంలో కొన్న భూమి ఏదీ లేకపోతే, సంపాదన కథని కొంచెం తగ్గించి చెప్పుకోవాల్సి ఉంటుంది.

దస్తావేజు చదవడానికి తొందరపడి మొదటి పంక్తి దగ్గరే ఆగిపోకండి. అది గొలుసుకట్టు రాత, అలవాటు లేని కంటికి ఒక్క ముక్క అంతుపట్టదు. అమలాపురంలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర కూర్చునే దస్తావేజు లేఖరుల్లో వయసు మళ్లినవాళ్లు ఇంకా చదవగలరు. పాత కరణాల కుటుంబాల్లోనూ ఒకరిద్దరు ఉంటారు. కరణీకం 1984లో రద్దయింది కాబట్టి ఆ తరం ఇప్పుడు పెద్ద వయసులో ఉంది. వాళ్లకి ఫొటోలు కాదు, పెద్ద సైజు ప్రింట్లు తీసి ఇవ్వండి. అసలు కాగితాలు మీ చేతి నుంచి దాటనివ్వకండి.

చదివించేటప్పుడు ఏం రాసుకోవాలంటే, రాయించి ఇచ్చినవారు, రాయించుకున్నవారు, ఇద్దరి తండ్రుల పేర్లు, కాపురం ఉండే ఊరు, వృత్తి, కులం. మీ ఇద్దరు ఒకే పేరువాళ్లని విడదీసేది తండ్రి పేరే. ఫలానావారి కుమారుడు అన్న మాట రెండు దస్తావేజుల్లో రెండు రకాలుగా ఉంటే కథ తేలిపోయినట్టే. తర్వాత, డబ్బు ఎందుకు అవసరమైందో రాస్తారు: కుటుంబ ఖర్చుల నిమిత్తం అనో, పాత బాకీ తీర్చడానికి అనో. ఆ ఒక్క వాక్యం చాలాసార్లు ఇంటి పరిస్థితి మొత్తం చెప్పేస్తుంది. ఆ పైన చెక్కుబందీ. తూర్పున ఎవరి భూమి, దక్షిణాన ఎవరిది, ఎక్కడ కాలవ, ఎక్కడ డొంక. హద్దుల్లో ఉన్న పేర్లు చాలాసార్లు అన్నదమ్ములవే, ఎందుకంటే పంచుకున్న పొలాలు పక్కపక్కనే ఉంటాయి. సాక్షుల్లో బావమరుదులు, వియ్యంకులు కనిపిస్తారు. చివర్న చేవ్రాలా, నిశానీయా చూడండి. నిశానీ అంటే ఆయనకి రాయడం రాదని. అప్పుడు రంగూన్ కార్డులు ఆయన చేతిరాత కాదన్నమాట, ఎవరో రాసి పెట్టారు.

స్టాంపు కాగితం వెనక వెండరు రాసిన పంక్తి చాలామంది చూడరు. స్టాంపు కొన్న తేదీ, కొన్నవాడి పేరు, ఊరు అక్కడ ఉంటాయి. తేదీ చెరిగిపోతే ముందు వైపు బొమ్మ చూడండి. రాణి ఉంటే 1901 లోపు అని, రాజులు ఉంటే ఎడ్వర్డా, ఐదో జార్జా, ఆరో జార్జా అన్నదాన్ని బట్టి కాలం అంచనా కట్టొచ్చు. 1901 నుంచి 1910, అక్కడి నుంచి 1936, ఆ తర్వాత అని లెక్క. పాత స్టాంపు మిగిలిపోయి కొత్త రాజు వచ్చాక వాడడం కూడా ఉండేది, కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ వేసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది రిజిస్ట్రేషన్ ముద్ర. ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు, ఏ సంవత్సరం, ఎన్నో నంబరు, 1వ పుస్తకం (స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించేది) ఎన్నో వాల్యూము, ఏ పేజీలు అన్నవి అక్కడ ఉంటాయి. మన ప్రాంతంలో రిజిస్ట్రేషన్ 1860ల నుంచి ఉంది. ఆ ఆఫీసులో పేర్ల ఇండెక్సు ఒకటి, ఆస్తుల ఇండెక్సు ఒకటి, ఏడాదికేడాది ఉంటాయి. 1వ పుస్తకమూ, దాని ఇండెక్సులూ ఫీజు కట్టిన ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు, చట్టంలోనే ఉంది. ఆన్‌లైన్ ఈసీలో (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రంలో) 1983కి ముందువి రావు కాబట్టి మీసేవలో వెతికి ఏమీ లేదనుకోకండి. ఆఫీసుకి వెళ్లి దరఖాస్తు పెట్టాలి. పాత వాల్యూములు జిల్లా రిజిస్ట్రారు దగ్గరికి చేరి ఉండొచ్చు, ఒక ఆఫీసు పరిధి రెండుగా విడిపోయి ఉండొచ్చు. మీ దస్తావేజు మీద ఉన్న ఆఫీసు పేరే పట్టుకుని అడగండి. కార్డులు ఆగిపోయిన తర్వాత పాతికేళ్ల ఇండెక్సు ముత్తాత పేరుతో, మీ ముత్తవ్వ పేరుతో, మీ తాతగారి పేరుతో వెతికించండి.

ముత్తవ్వ పేరుతో ఎందుకంటారా? మీ తాతగారు చిన్నవాడుగా ఉండగా తండ్రి పోతే, ఆ తర్వాత జరిగిన లావాదేవీల్లో మైనరు ఫలానా, సంరక్షకురాలు తల్లి ఫలానా అని ఉండే అవకాశం ఎక్కువ. ఆ మాట ఉన్న మొదటి దస్తావేజు తేదీకి ముందే ఆయన పోయారు. ఆయనే స్వయంగా సంతకం పెట్టిన చివరి దస్తావేజు నాటికి బతికున్నారు. ఈ రెంటి మధ్య చావు తేదీని బిగించవచ్చు. అన్నదమ్ముల పంపకాల దస్తావేజు దొరికితే ఇంకా మంచిది, అందులో ఎవరున్నారు, ఎవరు లేరు, ఎవరి తరఫున ఎవరు అన్నీ ఉంటాయి. ఏడేళ్లు ఆచూకీ లేని మనిషిని పోయినట్టు భావించవచ్చని 1872 సాక్ష్య చట్టంలో ఉండేది. ఆస్తి గొడవ కోర్టుకెళ్లి ఉంటే ఆయన రంగూన్ వెళ్లడం, జాబులు ఆగిపోవడం కూడా ఆ దావా కాగితాల్లో ఉండొచ్చు.

రెవెన్యూ లెక్కల గురించి క్లుప్తంగా. అవి ఫసలీల్లో, అంటే జూలైతో మొదలయ్యే శిస్తు సంవత్సరాల్లో ఉంటాయి, ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం. ఫసలీ 1320 అంటే 1910 జూలై నుంచి 1911 జూన్ దాకా. మీ ఊరు సర్కారు గ్రామమా, జమీందారీయా తెలుసుకోండి. జమీందారీ అయితే 1948 ఎస్టేట్ల రద్దు చట్టానికి ముందు లెక్కలు ఎస్టేటు దగ్గర ఉండేవి. సర్కారు గ్రామమైతే తహసీల్దారు ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) అడగండి, పాత సర్వే నంబరు ఎవరి పేర ఉండేదో తెలుస్తుంది. దస్తావేజుల్లో ఇనాం అనో మాన్యం అనో కనబడితే మాత్రం ఎగిరి గంతెయ్యండి, 1860ల నాటి ఇనాం రిజిస్టర్లలో అనుభవదారుల పేర్లు, వయసులు, ఇనాం పొందిన మూలపురుషుడితో చుట్టరికం కూడా రాశారు. మీ 1815 మనిషి అక్కడ దొరకొచ్చు. జిల్లా పేరు విషయంలో కంగారు పడకండి. అమలాపురం 1925 దాకా గోదావరి జిల్లా, ఆ తర్వాత తూర్పు గోదావరి, 2022 నుంచి కోనసీమ. కృష్ణా పేరుతో ఎక్కడైనా కనబడితే అది మీది కాదు, గోదావరికి పడమటి తాలూకాలు కొన్నాళ్లు కృష్ణా జిల్లాలో ఉండేవి.

రంగూన్ వైపు వెళ్దాం. ఇక్కడ మీకు నిరాశ కలిగించే మాట ఒకటి చెప్పాలి. అదే కాలంలో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి ఒప్పందం కూలీలుగా వెళ్లినవాళ్లకి ఓడ జాబితాలున్నాయి. 1860 నుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా, ఒక్కొక్కరికీ నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. డర్బన్‌లో ఉన్న నాయుడు కుటుంబాలు ఇక్కడి పల్లె పేరు పట్టుకుని రాగలుగుతున్నాయంటే అందుకే. బర్మాకి అలాంటిది లేదు. 1937 దాకా బర్మా ఇండియాలో భాగమే కాబట్టి అక్కడికి వెళ్లడం సర్కారు దృష్టిలో విదేశం వెళ్లడం కాదు. కూలీలని కూడగట్టే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు, కాకినాడలోనో భీమిలిలోనో కళింగపట్నంలోనో ఓడ ఎక్కించేవాడు, రంగూన్‌లో బియ్యం మిల్లుకో రేవుకో అప్పగించేవాడు. అప్పు పద్దు మేస్త్రీ పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకాలు ఇప్పుడు ఎవరి దగ్గర దొరుకుతాయి? 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగు మాట్లాడేవాళ్లు లక్షన్నర పైచిలుకు. కోరంగీలని పిలిచేవారు. పాత ఇంగ్లీషు నివేదికల్లో వెతికితే ఆ పేరుతోనే వెతకాలి. అయినా అక్కడ గుంపు గురించి దొరుకుతుంది, మీ మనిషి గురించి కాదు.

కాబట్టి రంగూన్‌కి మీకున్న సాక్ష్యం ఆ నాలుగు కార్డులే. పావణా కార్డు 1922 దాకా ఉంది, ఆ ఏడాది ధర అరణా అయింది. పక్కన అదనపు స్టాంపు అతికించి లేకపోతే మీ కార్డులు 1902కీ 1922కీ మధ్యవి. గడ్డం రాజులు ఇద్దరున్నారు. ఎడ్వర్డ్ స్టాంపులూ ఐదో జార్జి స్టాంపులూ నెట్‌లో పక్కపక్కన పెట్టి పోల్చండి. జార్జి అయితే 1911 తర్వాతే. పోస్టు ముద్రలు చెరిగిపోయాయన్నారు, కానీ కార్డుకి రెండు ముద్రలు పడతాయి, రంగూన్‌లో ఒకటి, ఇక్కడ చేరినప్పుడు ఒకటి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని ఫొటో తీసి, ఫోన్‌లోనే కాంట్రాస్టు పెంచి చూడండి. నాలుగు కార్డుల ఎనిమిది ముద్రల్లో ఒక్క సంవత్సరం చదవగలిగినా చాలు.

ఉభయకుశలోపరి దాటాక ఏముందో చదివించండి. పైన మూల రంగూన్ అడ్రసు, వీధి నంబరో మిల్లు పేరో ఉండొచ్చు. మిల్లు పేరు ఇంగ్లీషు కంపెనీదైతే ఆ కంపెనీ చరిత్ర వరకు పట్టుకోవచ్చు. అడ్రసు వైపు ఎవరి పేరుందో చూడండి. ఆడవాళ్ల పేరున కాకుండా అన్నగారికో ఊళ్లో కొట్టు షావుకారుకో కార్డు రాయడం మామూలు. ఆ షావుకారు పేరే తనఖా దస్తావేజులో ఉంటే నాకు ఆశ్చర్యం లేదు. పుష్కరాలు, వరద, ఇంట్లో పురుడు, ఇలాంటి ప్రస్తావన ఏదున్నా తేదీకి పనికొస్తుంది.

1922 తర్వాత కార్డులు లేవంటే ఆయన అప్పుడే పోయారని కాదు. తిరిగొచ్చి మళ్లీ వెళ్లి ఉండొచ్చు, మిగతా కార్డులు పోయి ఉండొచ్చు. 1918 ఇన్‌ఫ్లుయెంజా ఉంది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె తర్వాత జరిగిన అల్లర్లు ఉన్నాయి. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది అడవుల్లో నడిచి బయల్దేరారు, దారిలో పోయినవాళ్లకి లెక్క లేదు. అప్పటికి మీ ముత్తాతగారికి అరవై ఆరేళ్లు. ఇంట్లోవాళ్లు బాంబుల్లో పోయాడని చెబితే నమ్మేయకండి, బర్మా అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే కాబట్టి చాలా ఇళ్లలో అదే కారణంగా స్థిరపడిపోతుంది. మేనత్తగారి తిథీ, మైనరు దస్తావేజూ ఏం చెబుతాయో అదే నమ్మండి.

ఇంకోటి, మొహమాటం లేకుండా చెబుతాను. ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయిన మగవాళ్లలో కొందరికి అక్కడ రెండో సంసారం ఉండేది, పిల్లలూ ఉండేవారు. పంపకాల కాగితాల్లోనో మేనత్తగారి మాటల్లోనో ఆ జాడ తగిలితే ఏం చేయాలో మీరే నిర్ణయించుకోండి. కానీ ఆవిడ రికార్డింగు కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి.

ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ బోర్డు కాగితాలు అక్కడ కొండల్లా ఉన్నాయి, నిజమే. కానీ ఊరికే పేరు పట్టుకుని వెళ్తే రెండు రోజుల్లో తిరిగొచ్చేస్తారు. ఇనాం నంబరో, దావా నంబరో, ఏదో ఒక నంబరు చేతికి వచ్చాకే వెళ్లండి. లండన్‌లో ఉన్న ఇండియా ఆఫీసు కాగితాల్లో పుట్టుక, పెళ్లి, చావు పద్దులు ఎక్కువగా యూరోపియన్లవీ క్రైస్తవులవీ. మీకు అక్కడ పని పడకపోవచ్చు.

కాగితాలకి లామినేషన్ చేయించకండి, సెల్లో టేపు అతికించకండి. మడతలు బలవంతంగా విప్పకండి. రెండు వైపులా ఫొటోలు తీసి, పత్తి గుడ్డలో చుట్టి, తేమ లేని చోట పెట్టండి. ఆపైన ఒక నోటుపుస్తకం తీసుకుని తాతకి ఒక పేజీ, మనవడికి ఒక పేజీ కేటాయించండి. ఏ సమాచారం దొరికినా అది ఎవరిదో రుజువయ్యేదాకా మూడో పేజీలో రాయండి. మొదట్లో మూడో పేజీయే నిండుతుంది, కంగారు పడకండి. తనఖా దస్తావేజు వెనక వైపు, రిజిస్ట్రేషన్ ముద్ర ఉన్న పేజీ, కార్డుల అడ్రసు వైపు ఫొటోలు పంపితే, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఏ సంవత్సరాల ఇండెక్సు అడగాలో వచ్చే ఉత్తరంలో రాస్తాను.